ఏడో నంబరు రక్తం

కీళ్లవాపు ఉన్నవాళ్ల ఒంట్లో రక్షణ కణాలు ఒకదాన్నొకటి ఎలా పిలుచుకుంటాయో తేల్చడం షాజియా పని. పోల్చి చూడటానికి ఆరోగ్యవంతుల రక్తం కావాలి. వనపర్తి ల్యాబులో అడగదగ్గ మనిషెవరూ లేక, రెండేళ్లుగా తన రక్తమే తీసి, ఏడో నంబరు వేసి వాడుకుంటోంది.

ఈ నెల ఏడో నంబరు ఫలితం అచ్చం రోగుల ఫలితంలాగే వచ్చింది. గొట్టాలు తారుమారు చేశానని తనను తానే తిట్టుకుని మళ్లీ రక్తం తీసింది. మళ్లీ అదే వచ్చింది.

మర్నాడు ఆత్మకూరు నుంచి జమ్ములమ్మ అనే రోగి మనవరాలిని వెంటబెట్టుకుని రక్తం ఇవ్వడానికొచ్చింది. గొట్టం మూత తిప్పలేక షాజియా తంటాలు పడుతుంటే, జమ్ములమ్మ ఆ చేతిని పట్టుకుని చూసింది.

“నీ చేతి ఏళ్లు గూడ నా లెక్కనే ఉబ్బినయి గద మేడమ్. ఇంట్ల ఎవ్వరు చూస్తలేరా?”

“పని చేసీ చేసీ గట్లయింది” అంది షాజియా.

వాళ్లు వెళ్లాక ఏడో నంబరును రోగుల జాబితాలోకి మార్చి, తన పేరుతో కొత్త ఫారం తీసింది. అందులో ‘వెంట వచ్చినవారు’ అని ఒక గడి ఉంది. దాన్ని ఖాళీగా వదిలినవాళ్లను, కళ్లు తిరిగితే ఎవరు పట్టుకుంటారని కసిరి, షాజియా ఇన్నాళ్లూ వెనక్కి పంపేది.

కాసేపు కలం పట్టుకుని కూర్చుని, ఆ గడిలోనూ తన పేరే రాసుకుంది.