అతికించిన కాయిల్

బావ పోయాక అందరి నోళ్లూ మా చెల్లెలి మీదే పడ్డాయి. అది కరెంటు పొయ్యి మీద స్నానానికి నీళ్లు పెట్టి కొట్టుకు వెళ్లింది. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన బావ ఆదమరిచి నిద్రపోతున్నాడు. పొయ్యికి వెళ్లే తీగ పరుపు పక్కనే అంటుకుంది. చెల్లెలు తిరిగొచ్చేసరికి గదంతా పొగ, మనిషి ప్రాణం పోయింది. "మొగుణ్ణి పొగపెట్టి చంపి పెత్తనాలకు పోయింది. ఇక నా గడప తొక్కనివ్వను" అంది వాళ్ల అత్తగారు. చెల్లెలు మా ఇంట్లో ఓ మూల కూర్చుంది. నోరు మెదపదు, అన్నం ముట్టదు.

నాకు ఒళ్లు మండిపోయింది. నీళ్లు కాగుతుంటే ఎవరైనా పక్కన కాపలా కూర్చుంటారా? మోటార్లకు తీగ చుట్టి బతుకుతున్నవాణ్ణి, నాకా చెప్పేది! మంచి తీగ ఊరికే అంటుకోదు. మసిపట్టిన ఆ పొయ్యిని షాపుకు పట్టుకొచ్చాను.

పొయ్యి మీద వెయ్యి వాట్లని అచ్చు. ఇంటి కరెంటు మీద అది నాలుగుంపావు ఆంపియర్లకు కాస్త పైన తీసుకోవాలి. లావుపాటి తీగ కలిపి మీటరు పెట్టాను. వోల్టేజీ 230. కరెంటు ముల్లు మాత్రం ఎనిమిది మీద నిలబడింది. మీటరుకే పిచ్చెక్కిందేమోనని ఇంకోటి పెట్టాను. అదీ ఎనిమిదే అంది. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే నిరోధం ఇరవై తొమ్మిది ఓములు కూడా లేదు. ఉండాల్సింది యాభై మూడు. రెండింటినీ గుణిస్తే 1840 వాట్లు. కాలిపోయిన ఆ సన్నపాటి తీగ మీద దాదాపు రెండు పొయ్యిల బరువన్నమాట.

కాయిల్ పైకి తీస్తే సంగతి బోధపడింది. నాలుగు చోట్ల ముడులు. కాలిన ముక్క కత్తిరించి, మిగతాది సాగదీసి మెలిపెట్టాడు బావ. ఆ ఇంట్లో రిపేర్లన్నీ ఆయన చేతివే. కాయిల్ పొట్టిదయ్యేకొద్దీ నిరోధం తగ్గుతుంది, కరెంటు ఎగబాకుతుంది. పోయినవాడి మీద తప్పు మోపడం నాకూ బాధగానే ఉంది. కానీ బతికున్నది నా చెల్లెలు.

దాన్ని వెంటబెట్టుకుని వాళ్ల అత్తగారింటికి వెళ్లాను. కాయిల్ చూపించి, లెక్కంతా విడమరిచి చెప్పాను. "ఇందులో దీని తప్పేం లేదండీ. అతుకులు వేసింది మీ అబ్బాయే" అన్నాను. ఆవిడ గోడకేసి తిరిగి ఏడ్చింది. హమ్మయ్య అనుకున్నాను, సిగ్గులేకుండా.

అప్పుడు చెల్లెలు నోరు తెరిచింది. "కాయిల్ పొట్టిదైతే నీళ్లు తొందరగా కాగుతాయా, అన్నయ్యా?"

"కాగుతాయి మరి. వాట్లు పెరిగాయిగా."

"మొదటిసారి అతికించినప్పుడే గబగబా కాగాయి. 'మీ చెయ్యి పడ్డాక కొత్తదానికన్నా బాగుందండీ' అన్నాను ఆయనతో. ఆయన ఎంత పొంగిపోయారో! తర్వాత తెగినప్పుడు కొత్తది తెస్తానంటే నేనే వద్దన్నాను."

అత్తగారు ఏడుపు ఆపి వింటోంది. ఊరుకోమని సైగ చేశాను. చెల్లెలు నా వైపు చూడలేదు. కాయిల్ మీద చివరి ముడిని వేలితో తడిమింది.

"ఇది తెగలేదు అన్నయ్యా. నీళ్లు ఇంకా త్వరగా కాగాలని నేనే ఇంకాస్త కత్తిరించమన్నాను."

అత్తగారు లేచి తలుపు తీసి పట్టుకుంది. నా లెక్క తప్పు కాలేదు. తప్పయినా బాగుండేది.