ముందు వరుసలో కుడిపక్క

ఆ వారమంతా నోలీన్ ఇంటి వరండాలోకి గిన్నెలు వచ్చి పడుతూనే ఉన్నాయి. పొద్దున తలుపు తీస్తే మెట్టు మీద తువ్వాలు కప్పిన చీజు పొరల లసాన్యా, సాయంత్రం తీస్తే చేపల కూర, మర్నాడు మళ్ళీ లసాన్యా. ప్రతి గిన్నె అడుగునా అతికించిన టేపు మీద సొంతదారు పేరుంది. గిన్నె తిరిగి రావాలిగా మరి! పెట్టినవాళ్ళు మాత్రం బెల్లు కొట్టకుండా, దొంగల్లా చప్పుడు లేకుండా కారెక్కి పోయారు. ఆస్ట్రేలియాలోని ఈ మెక్లీన్ ఊళ్ళో ఎవరికి కష్టమొచ్చినా ఇదే మర్యాద.

"ఫ్రీజర్ మూత పడట్లేదు. ఇంట్లోకి మాత్రం ఒక్కర్తి కూడా అడుగు పెట్టలేదు," అంది నోలీన్ మొగుడితో. "నాదేమన్నా అంటురోగమా డెస్?"

డెస్ చెరుకు రైతు. మాటలు పొదుపుగా వాడే మనిషి. "ఆదివారం పడవ పోటీ ఉందిగా. వాళ్ళు రాకపోతే నువ్వే వెళ్ళు," అన్నాడు.

నోలీన్ స్కూలు బస్సు డ్రైవరు. అయిదేళ్ళ కిందట రొమ్ము కేన్సర్ వచ్చి, కోత, కీమో, రేడియేషన్ అన్నీ దాటి బయటపడింది. ఆ ఏడే క్లారెన్స్ నది మీద, ఇరవై మంది ఇద్దరిద్దరుగా కూర్చుని తెడ్లు వేసే పొడవాటి డ్రాగన్ పడవ నడిపే జట్టులో చేరింది. అందరూ ఆ జబ్బు చేసి లేచిన ఆడవాళ్ళే. ముందు వరుసలో కుడిపక్క సీటు ఆమెది. ఆ వరుస తెడ్డు ఎలా వేస్తే వెనకున్న పడవంతా అలా వెయ్యాలి. బస్సులో అల్లరి పిల్లల్ని అద్దంలోంచి ఒక్క చూపుతో కూర్చోబెట్టిన మనిషికి ఆ సీటు సరిగ్గా సరిపోయింది.

మొన్న చలికాలంలో తుంటి నొప్పి మొదలైంది. బస్సు సీటు వల్లే అనుకుంది. నెల కిందట స్కాను తీస్తే కేన్సర్ తుంటి ఎముకలోకీ, కాలేయంలోకీ పాకిందన్నారు. ఇక పూర్తిగా పోదట. మందులతో అణిచిపెట్టి ఉంచుతారట. ఎన్నాళ్ళంటే చెప్పలేమన్నారు. ఆ మాట విన్నప్పుడు నోలీన్‌కి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. చెప్పినవన్నీ చేసింది కదా! వైను మానేసింది, నడకకు వెళ్ళింది, ఒక్క పరీక్షా తప్పించలేదు. అయినా మొన్న సూపర్ మార్కెట్లో ఒకావిడ గుమ్మడికాయ చేత్తో పట్టుకుని, "చెకప్‌లు టైముకి చేయించుకోలేదా తల్లీ?" అని అడిగింది. తప్పు నోలీన్‌దని తేలితే ఆవిడకి రాత్రి హాయిగా నిద్రపడుతుంది కాబోలు.

డాక్టర్ని ఆమె అడిగింది ఒకటే. తెడ్డు వెయ్యొచ్చా? నొప్పి లేనంతవరకు వెయ్యి, పడవ మాత్రం ఎత్తకు అన్నాడు. ఆ సీటొక్కటీ ఉంటే మిగతాది ఎలాగో మోస్తాననుకుంది.

ఆదివారం రేవుకి వెళ్ళేసరికి ఆ సీట్లో టీగన్ కూర్చుని ఉంది. కిందటి నెలే కీమో ముగించుకున్న పిల్ల, నెత్తి మీద జుట్టింకా సరిగ్గా రాలేదు. నోలీన్‌ని చూసి చటుక్కున తల దించుకుంది.

జట్టు కెప్టెన్ లోరెయిన్ చేతులు చాపుకుంటూ ఎదురొచ్చింది. "వచ్చావా మా సివంగీ! ఇవాళ నీకు ప్రమోషనే. డ్రమ్ము నీది!"

"నేను డ్రమ్ము అడిగానా?"

"నీ మంచికేనే. ఒంట్లో ఓపిక దాచుకోవాలి కదా. నువ్వు పోరాడాల్సినది ముందుంది."

"డాక్టరు వెయ్యమన్నాడు లోరెయిన్. ఫోన్ చేసి చెప్పాను కదా నీకు."

"డాక్టర్లు అలాగే అంటారమ్మా. పాజిటివ్‌గా ఉండు, చాలు." లోరెయిన్ ఆమె భుజం తట్టి, లైఫ్ జాకెట్లు సరిచూడాలంటూ వెళ్ళిపోయింది. ఆమె తట్టిన చోటు దులిపేసుకోవాలనిపించి నోలీన్ భుజం మీద చెయ్యి వేసుకుంది. పడవలో ఉన్నవాళ్ళంతా ఎదురుచూస్తున్నారు. ఇక్కడ గొడవపడితే, పాపం జబ్బు తలకెక్కిందని జాలిపడతారు. పళ్ళు బిగించి ఎక్కి కూర్చుంది.

తెడ్లకి తాళం పట్టే డ్రమ్ము వాయించేవాళ్ళు పడవ ముక్కు దగ్గర, మిగతావాళ్ళకి ఎదురుగా కూర్చోవాలి. అయిదేళ్ళలో నోలీన్ ఈ ముఖాలన్నిటినీ ఒకేసారి ఎదురుగా చూసింది లేదు. ఇప్పుడు చూసింది. ఒక్కర్తి ఆమె కళ్ళలోకి చూస్తే ఒట్టు. ఒకరు తెడ్డు చూసుకుంటున్నారు, ఒకరు ఒడ్డు చూస్తున్నారు, ఇంకొకరికి ఉన్నట్టుండి గ్లోవ్ సర్దుకోవాల్సి వచ్చింది. తన ఇంట్లో వీళ్ళంతా కాళ్ళు చాపుకుని కూర్చుని టీ తాగినవాళ్ళే. కీమోలో వాంతులవుతుంటే వీళ్ళ నెత్తి పట్టుకుంది తనే. నోలీన్ డ్రమ్ముని కసితీరా బాదింది. జట్టు పోటీలో మూడో స్థానంలో వచ్చింది, ఆ సంగతి ఆమెకు పట్టలేదు.

పోటీలయ్యాక పువ్వుల ఆనవాయితీ ఉంది. పడవలన్నీ నది మధ్యకొచ్చి, అంచులు పట్టుకుని ఒకదాన్నొకటి ఆనుకుని ఆగుతాయి. తలా ఒక గులాబీరంగు పువ్వు పట్టుకుంటారు. ఆ ఏడు పోయినవాళ్ళ పేర్లు చదివి పువ్వులు నీళ్ళలో వేస్తారు. లోరెయిన్ లేచి నిలబడకుండానే, గొంతు సవరించుకుని ఇద్దరి పేర్లు చదివింది. తర్వాత కాస్త ఆగి, "ఈసారి మన నోలీన్ కోసం కూడా," అంది.

పువ్వులు నీళ్ళలో పడ్డాయి.

నోలీన్‌కి ఒక్క క్షణం ఏం జరిగిందో అర్థం కాలేదు. అర్థమయ్యాక డ్రమ్ము పుల్ల పైకెత్తింది.

"ఇక్కడే ఉన్నానే!" అని అరిచింది. పక్క పడవలన్నీ ఇటు తిరిగాయి. "మీ ఎదురుగానే కూర్చున్నాను! పొద్దున్నుంచి మీకోసం డప్పు కొడుతున్నాను! పోయినవాళ్ళకి వేసే పువ్వు నాకెందుకు వేశారు? అంత తొందరగా ఉందా మీకు?"

టీగన్ మాత్రం ఇంకా పువ్వు గుప్పిట్లోనే పట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది.

పడవ రేవు తాకగానే నోలీన్ దిగి లోరెయిన్ దారికి అడ్డంగా నిలబడింది. "నా సీటెందుకు తీశావ్? ఈసారి నా మంచికని అన్నావంటే ఈ పుల్లతోనే కొడతాను."

లోరెయిన్ తెచ్చిపెట్టుకున్న నవ్వు నవ్వబోయింది. నవ్వు నిలవలేదు. "అయిదేళ్ళుగా నీ వెనక సీటు నాదే నోలీన్. నీ వీపు చూసే తెడ్డు వేస్తున్నా. నాకొచ్చిందీ నీకొచ్చిందీ ఒకటే రకం, ఒకే ఏడాది. నీ వీపు చూస్తే ఇప్పుడు నా చేతులాడట్లేదు. నా వల్ల కాలేదే."

"అదీ సంగతి! నీ భయానికి నన్ను తీసి ముక్కున కూర్చోబెట్టావా? నాకుండదా భయం? నేనెవర్ని పక్కకి తొయ్యాలి?"

లోరెయిన్ తలొంచుకుని నిలబడింది, బడిపిల్లలా.

నోలీన్‌కి ఆమె మీద జాలి కలగలేదు. కలగాలని కూడా అనుకోలేదు. కానీ నాలుగు వారాల్లో తనతో ఒకరు నిజం మాట్లాడటం ఇదే మొదలు. దాన్ని మాత్రం వదులుకోబుద్ధి కాలేదు.

అంతా కలిసి పడవని ఇంకా పై రేవు దాకా తీసుకెళ్ళి షెడ్డులో పెట్టాలి. నోలీన్ డ్రమ్ము పుల్ల టీగన్ చేతిలో పెట్టి, వెళ్ళి ముందు వరుసలో కుడిపక్క కూర్చుంది. తుంటి కలుక్కుమంది. ఓర్చుకుంది.

"వెనక కూర్చోలేకపోతే పక్కన కూర్చో," అంది లోరెయిన్‌తో. "ఎక్కు. చీకటి పడేదాకా నీకోసం చూస్తూ కూర్చోలేను."

లోరెయిన్ ఎక్కింది. ముందు వరుస అలవాటు లేక తెడ్డు తడబడి ఇద్దరి మీదా నీళ్ళు చిమ్మాయి. నోలీన్ తిట్టింది. మళ్ళీ తడబడింది, మళ్ళీ తిట్టింది. నది వంపు తిరిగాక లోరెయిన్ నీళ్ళకేసే చూస్తూ, ఎవరికీ వినపడకుండా, "బాగా భయమేస్తోందా?" అని అడిగింది.

"వెయ్యదూ మరి? రాత్రి కునుకు పడితే ఒట్టు," అంది నోలీన్. అప్పుడొచ్చింది ఏడుపు. చేతులు ఖాళీగా లేక తుడుచుకోలేదు. "రేపు ఇంటికి రా. వచ్చి లోపల కూర్చో. ఇంకో లసాన్యా తెచ్చావంటే మాత్రం నదిలో పారేస్తాను."

"వస్తా," అంది లోరెయిన్.

"ఊఁ. ముందు తెడ్డు సరిగ్గా వెయ్యి."