మొక్కలకు కట్టిన వలలు

ఏప్రిల్ నెలలో ఒక మంగళవారం మధ్యాహ్నం ఎల్లాజీ తన వీధి మధ్యలోనే కూలబడిపోయాడు.

డయాలసిస్ చేయించుకుని భార్య దేముడమ్మతో తిరిగి వస్తున్నాడు. ఆసుపత్రి నుంచి ఆటో పెద్దరోడ్డు దాకానే వచ్చింది. వీధిలోకి దిగితే అన్నీ గుంటలు, ఏ ఆటోవాడూ దిగడు. అక్కడి నుంచి వాళ్ల గుమ్మానికి పాతిక ఇళ్ల దూరం. ఆరోగ్యంగా ఉన్నవాడికి అదొక నడకే కాదు. నాలుగు గంటలు మిషన్ పక్కన పడుకుని లేచినవాడికి మాత్రం అది సముద్రం ఈదినట్టే.

"మావా, లే. ఇంకో పది ఇల్లు నడిత్తే సాలు."

"కల్లు తిరగతన్నాయే. కాసేపు ఒగ్గీ నన్ను."

దేముడమ్మ నీడ కోసం చుట్టూ చూసింది. ఒకవైపు ముప్పై ఒక్క ఇళ్లు, రెండోవైపు రైల్వే కంచె, మధ్యలో ఎర్రకంకర. వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్క చెట్టు లేదు. మంచినీళ్ల డబ్బాలు అమ్మే ధర్మారావు కంచె పక్కన నిలబెట్టిన సరుకుల ఆటో కింద జానెడు నీడ ఉంది. అందులో ఒక కుక్క పడుకుని ఉంది. ఆమె భర్తకూ ఎండకూ మధ్య నిలబడి, పైట తీసి అతని తల మీద గొడుగులా పట్టుకుంది. పక్కింటి కుసుమ చూసి తడిగుడ్డతో పరుగెత్తుకొచ్చేదాకా అలాగే నిలబడింది.

వాళ్లది కవిటి అవతల సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఎల్లాజీ ముప్పై ఏళ్లు చేపల వేటకు వెళ్లాడు. నాలుగేళ్ల కిందట రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు పలాస రావడం తప్పనిసరైనప్పుడు, ఈ కాలనీలో రెండు గదుల ఇల్లు చూసుకుని వచ్చేశారు. దేముడమ్మ జీడిపిక్కల ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు ఆ వీధిలోనే ఆరుగురు ఉన్నారు. కిడ్నీ జబ్బులు ఎక్కువైన ఉద్దానం ఊళ్ల నుంచి ఇలాగే ఒక్కొక్కరే వచ్చి చేరారు. సొంత ఊళ్లో ఏ గడప దాటినా కొబ్బరిచెట్టు, కాకపోతే జీడితోట. నీడ అనేది ఒకరిని అడగవలసిన వస్తువని దేముడమ్మకు పలాస వచ్చాకే తెలిసింది.

మర్నాడు ఆమె పనికి వెళ్లకుండా వార్డు సచివాలయానికి వెళ్లింది. అక్కడ సాహితి అనే అమ్మాయి కొత్తగా ఉద్యోగంలో చేరింది. టెక్కలిలో ఒక బడిపంతులు గారి కూతురు. దేముడమ్మ చెప్పినదంతా విని, పాత ఫైలు ఒకటి తీసి చూసింది.

"రెండేళ్ల కింద మీ వీధిలో నలభై మొక్కలు నాటారమ్మా. ఫొటోలు కూడా ఉన్నాయి. దసరా నాటికి ఒక్కటీ మిగల్లేదు."

"ఆటికి నీలెవులు పోసారు?"

సాహితి ఫైలు తిరగేసింది. "అది ఎవరికీ చెప్పినట్టు లేదు."

"అదీ సంగతి. ఈపాలి నాను ఇంటింటికీ ఎల్లి సెప్తాను. ఏ గుమ్మానికెదురుగా ఉన్న మొక్క ఆ ఇంటోలదే."

"మొక్కలు తెప్పిస్తాను. కానీ ఇవీ చచ్చిపోతే నేను మళ్లీ అడగలేను, దేముడమ్మ గారూ. నన్ను చూసి నవ్వుతారు."

"నన్ను సూసి నవ్వరేటమ్మా?" అంది దేముడమ్మ.

జూన్‌లో మొదటి వాన పడగానే కంచె పొడుగునా గుంతలు తవ్వడం మొదలుపెట్టారు. ఆదివారాలు ఫ్యాక్టరీకి సెలవు కాబట్టి కుసుమ, ఇంకో ఏడెనిమిది మంది ఆడవాళ్లు గునపాలు పట్టుకుని వచ్చారు. జానెడు కంకర తీసేసరికి కింద నల్లగా, సగం కాలిన జీడితొక్కు బయటపడింది. పల్లం పూడ్చడానికి ఎవరో ఎప్పుడో పోసి వదిలేసిన చెత్త.

"అప్పా, ఇది మన్ను కాదు, బూడిద," అంది కుసుమ. ఆమె దేముడమ్మను సొంత అక్కలాగే అప్ప అని పిలుస్తుంది. "పాత మొక్కలు అందుకే సచ్చిపోయినట్టున్నాయి."

"మా ఊల్లో ఇసకలో కొబ్బరిమొక్క ఎలగేత్తారో తెలుసా? నడుం లోతు తవ్వి, మంచి మన్ను తెచ్చి నింపుతారు. ఇక్కడా అంతే."

రైలుగేటు అవతల ఒక చెరువులో పూడిక తీస్తున్నారు. ఆ ఒండ్రుమట్టిని సిమెంటు బస్తాల్లో నింపి, నెత్తిన పెట్టుకుని మూడు ఆదివారాలు మోశారు. ధర్మారావు తన ఆటో మీద ఒక్క ట్రిప్పు కూడా తేలేదు. పైగా తన గుమ్మానికెదురుగా గుంత తవ్వుతుంటే అడ్డం వచ్చాడు.

"ఇక్కడొద్దు. ఆటో ఎక్కడెట్టుకోను? రేపు మొక్క ఏర్లొచ్చి గోడ పగిలితే నువ్వు కట్టిత్తావేటి?"

"గోడెక్కడ, మొక్కెక్కడ! రెండడుగులు పక్కకేత్తాను. నీలు కూడా నువ్వు పొయ్యొద్దులే," అంది దేముడమ్మ. మాట పెరిగింది గానీ, గుంత మాత్రం పడింది.

ముప్పై ఒక్క కానుగ మొక్కలు నాటారు. కానుగాకు మేకలకు అంతగా నచ్చదని ధైర్యం చెప్పుకున్నారు. కానీ ఆకలేసిన ఆవు దేన్నీ వదలదు. మొదటి వారంలోనే నాలుగు మొక్కల తలలు ఎగిరిపోయాయి.

ఇదంతా ఎల్లాజీ గుమ్మంలో నులకమంచం మీద కూర్చుని చూస్తున్నాడు. బరువు ఎత్తకూడదు, ఎండకు నిలబడకూడదు, నీళ్లు కూడా రోజుకు ముప్పావు లీటరే తాగాలి. వేటకు వెళ్లే రోజుల్లో అతను పడవ మీద ఉన్నాడంటే మిగతావాళ్లకు దిగులుండేది కాదు. ఇప్పుడు ఎవరైనా ఏదైనా పనికి మనుషులను పిలుచుకుంటే తన పేరు రాదని అతనికి అలవాటైపోయింది. అలవాటైనా బాధ పోలేదు.

ఆ సాయంత్రం అతను ఊళ్లో ఉన్న తమ్ముడు ఢిల్లీబాబుకు ఫోన్ చేశాడు.

"ఒరే, సిరిగిపోయిన వలలేటైనా ఉన్నాయా?"

"బోలెడున్నాయి. వలలు నీకెందుకురా అన్నియ్యా?"

"మొక్కలకి."

ఢిల్లీబాబుకు అర్థం కాలేదు. అయినా మూడు రోజుల్లో పాత వలలు, ఒక మోపు సరుగుడు కర్రలు వ్యానులో వేసుకుని తెచ్చాడు. ఎల్లాజీ గూట్లోంచి వల అల్లే సూది తీశాడు. నాలుగేళ్లుగా అది ముట్టుకోలేదు. మొదట వేళ్లు తడబడ్డాయి, తర్వాత వాటంతటవే పని అందుకున్నాయి. డయాలసిస్ సూదులు గుచ్చే ఎడమచేతిని ఒడిలో కదపకుండా పెట్టుకుని, వేళ్లతో వల పట్టి, కుడిచేత్తో ముడివేసేవాడు. ఒక్కో మొక్క చుట్టూ మూడు సరుగుడు కర్రలు పాతి, వాటికి నిలువునా వల చుట్టాలని అతని ఆలోచన.

రెండో రోజున వీధి చివరి దాలయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు. అతనిదీ అదే జబ్బు, అదే ఆసుపత్రి, పక్కపక్క మంచాలు.

"ముడి ఎలగెయ్యాలో సూపించు, బావా. ఇంట్లో కూకుంటే పిచ్చెక్కిపోతంది."

"నువ్వు వరిసేను మనిషివి కదా. నీకు రాదు."

"సూపించకుండా రాదంటే ఎలగ?"

నిజంగానే అతనికి రావడానికి వారం పట్టింది. తర్వాత ఇంకో ఇద్దరు వచ్చారు. మిషన్ లేని రోజుల్లో వాళ్లు నలుగురూ ఎల్లాజీ మంచం చుట్టూ చేరి వలలు చుట్టేవారు. మాటల్లో రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎంతుంది అన్న ప్రశ్న తగ్గి, ఏ మొక్క ఎంత ఎదిగిందన్న వాదన పెరిగింది. ఆగస్టు నాటికి ముప్పై ఒక్క మొక్కలకూ నీలం, ఆకుపచ్చ వలలు వచ్చాయి. ఆవులు వచ్చి, మూతి పెట్టి, వెనక్కి పోయేవి.

అసలు కష్టం వేసవిలో వచ్చింది. కుళాయి రోజు విడిచి రోజు, అదీ అరగంట. బియ్యం కడిగిన నీళ్లు, అంట్లు తొలిచిన నీళ్లు, ఇంటికి రెండు చెంబులు మొక్కకు పోయాలని దేముడమ్మ ప్రతి గుమ్మం దగ్గరా నిలబడి చెప్పింది. కొందరు విసుక్కున్నారు. ఒకామె ముఖం మీదే తలుపు వేసింది, మర్నాడు మాత్రం చెంబు పట్టుకుని వచ్చింది. రెండు మొక్కలు ఎండిపోతే సాహితి వేరేవి తెచ్చిచ్చింది.

ధర్మారావు మొక్కకు ధర్మారావు పోయలేదు. తెల్లారేసరికి ఎల్లాజీ కుడిచేత్తో చెంబు పట్టుకుని, నెమ్మదిగా ఆరిళ్లు దాటి వెళ్లి, దాని మొదట్లో పోసి వచ్చేవాడు.

"ఆయన ఇంట్లో డబ్బాల కొద్దీ నీలున్నాయి. నువ్వెందుకు మోత్తావు?" అంది దేముడమ్మ ఒకరోజు.

"మొక్కకేటి తెలుసే, ఎవులు పోసారో?" అన్నాడతను.

అలా రెండు వేసవులు గడిచాయి. కానుగలు వలలు దాటి పైకి లేచాయి. పెద్దరోడ్డు వైపున్నవి మనిషి ఎత్తు మించి కొమ్మలు చాచాయి. వాటి కింద ఒకరు, ఇద్దరు నిలబడే నీడ పడుతోంది.

అప్పుడు వీధికి సిమెంటు రోడ్డు మంజూరైంది. ఎన్నేళ్లుగానో అందరూ అడుగుతున్న రోడ్డు. ఇంజనీరింగ్ ఉద్యోగి ఉమామహేష్ టేపు పట్టుకుని కొలిచి, రోడ్డు పక్కన మురుగుకాలువ తవ్వవలసిన చోట సున్నంతో గీత గీశాడు. ఆ గీత కంచె పొడుగునా, కానుగల మొదళ్ల మీదుగా పోయింది.

వీధి రెండుగా చీలింది. చెట్లు పోతే పోయాయి, రోడ్డు వదులుకుంటామా అన్నవాళ్లే ఎక్కువ. కుసుమ ఏడ్చేసింది. దేముడమ్మ ఎటూ తేల్చుకోలేకపోయింది. రోడ్డు పడితే ఆటో గుమ్మం దాకా వస్తుంది. ఎవరి కోసం ఈ మొక్కలు పెట్టిందో ఆ మనిషికే రోడ్డు ఎక్కువ అవసరం.

"నువ్వే సెప్పు మావా," అంది. "నీకు ఏది కావాలంటే అదే."

ఎల్లాజీ సున్నపు గీత వైపు చూస్తూ, "రెండిట్లో ఒకటేనని ఆ బాబు అన్నాడా, మనవే అనుకున్నామా?" అన్నాడు.

ఆ ప్రశ్న అప్పటిదాకా ఎవరూ అడగలేదు. దేముడమ్మ సాహితిని వెంటబెట్టుకుని వెళ్లి ఉమామహేష్‌ను అడిగింది. అతను కాగితం పరిచి చూపించాడు.

"కాలువ ఇళ్ల వైపు తవ్వొచ్చమ్మా. కానీ ప్రతి ఇంటి మెట్లూ అరుగులూ మూడడుగులు రోడ్డు మీదికి వచ్చి ఉన్నాయి. అందరూ తీసేస్తే గీత మారుస్తాను. ఒక్కరు కాదన్నా కుదరదు. సోమవారం దాకా ఆగుతాను."

ఆ రోజే దేముడమ్మ తన గుమ్మం ముందు మెట్లు తానే పగలగొట్టింది. తర్వాత ఇంటింటికీ తిరిగింది. శనివారం సాయంత్రానికి ముప్పై ఇళ్లవాళ్లు సరేనన్నారు. ఇష్టంగా కొందరు, సణుక్కుంటూ కొందరు. మిగిలింది ధర్మారావు. వీధిలో అందరికంటే పెద్ద అరుగు అతనిదే. నీళ్ల డబ్బాలన్నీ దానిమీదే పేరుస్తాడు.

ఎల్లాజీ తానే వెళ్లాడు.

"దేముడమ్మని పంపలేదేటి బావా?" అన్నాడు ధర్మారావు, కుర్చీ జరుపుతూ.

"అది ఒత్తే గొడవైపోద్ది."

ధర్మారావు నవ్వాపుకోలేకపోయాడు. తర్వాత ముఖం ముడుచుకున్నాడు. "అరుగు పోతే డబ్బాలెక్కడెట్టాలి? నా యాపారం ఇదే కదా."

"ఎదర సెట్టు కిందెట్టుకో. ఇక్కడ మజ్జానం దాకా ఎండే. డబ్బాలో నీలు కాగిపోతన్నాయని జనం నిన్ను తిడతారు. నాను ఇన్నాను."

ధర్మారావు కంచె వైపు చూశాడు. అతని గుమ్మానికెదురుగా ఉన్న కానుగ ఆ వరుసలో అన్నిటికంటే గుబురుగా ఉంది.

"నువ్వు నీలు పోయడం నాను సూడలేదనుకున్నావేటి?" అన్నాడు మెల్లగా. "రోజూ కిటికీలోంచి సూసేవోన్ని. మొదట్లో నవ్వుకున్నాను. తరవాత నాకే సిగ్గేసింది. సిగ్గేసినాక బయటికొచ్చి పొయ్యడం ఇంకా కట్టమైపోయింది, బావా."

ఎల్లాజీ ఆ మాట పొడిగించలేదు. "సోమారం వొత్తాడు ఆ బాబు. ఆలోసించుకో," అని లేచాడు. ధర్మారావు అతన్ని ఇంటిదాకా దిగబెట్టి వెళ్లాడు. దారిలో ఇద్దరూ చేపల రేట్లు మాట్లాడుకున్నారు.

సోమవారం పొద్దున్నే సమ్మెట దెబ్బలు వినిపించాయి. దేముడమ్మ బయటికి వచ్చి చూసింది. ధర్మారావు లుంగీ ఎగ్గట్టి, సిమెంటు అరుగును ముక్కలు చేస్తున్నాడు. ఆమె గంప తీసుకెళ్లి ఆ ముక్కలు ఎత్తిపోయడం మొదలుపెట్టింది.

అన్నీ దక్కలేదు. పెద్దరోడ్డు మలుపులో కల్వర్టు కట్టాల్సి వచ్చి మూడు కానుగలు తీసేశారు. వాటిని వేర్లతో పెకలించి ఇంకోచోట నాటితే ఒక్కటే బతికింది. మిగతా రెండింటి కోసం దేముడమ్మ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. తర్వాతి వానాకాలం ముందే రోడ్డు పడింది. మొదటిసారి ఆటో గుమ్మం ముందు ఆగిన రోజున ఎల్లాజీ దిగి, నాలుగడుగుల్లో మంచం చేరి, హాయిగా నిద్రపోయాడు. ఆ నిద్ర చూసి దేముడమ్మకు ఎందుకో కళ్లు చెమర్చాయి.

జూలైలో వెనక వీధి ఆడవాళ్లు ముగ్గురు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆమె కోసం కాచుకుని ఉన్నారు.

"మా ఈదికి కూడా మొక్కలిప్పించాల, పిన్నమ్మా."

"మీ ఈదిలో ఎన్ని ఇల్లు?"

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకామె ఇరవై అంది. ఇంకొకామె కాదు, ఇరవై నాలుగంది. మూడో ఆమె వేళ్లు మడుస్తూ, ఒక్కొక్క ఇంటివాళ్ల పేరూ చెబుతూ లెక్కపెట్టసాగింది. దేముడమ్మ జీడి నల్లటి మరకల చేతులు చీరచెంగుకు తుడుచుకుని, గేటు పక్కన గట్టు మీద కూర్చుని, ఆ పేర్లన్నీ ఓపికగా వింది.