నాలుగు బొట్టుబిళ్ళలు

నా అక్షరాలు వంకరగా ఉంటాయి, తప్పులూ దొర్లుతాయి. చదివేవాళ్ళు మన్నించాలి. యాభై దాటాక పలక పట్టినదాన్ని. ఒక్కో మాటా కూడబలుక్కుని రాసేసరికి రెండు వానాకాలాలు గడిచిపోయాయి. ఇందులో కొంత నేను చూసింది, మిగతాది డోలక్ వాయించే కామేశ్ చెప్పింది.

పోలారావు అద్దం అంచున అతికించి ఉన్న నల్ల బొట్టుబిళ్ళను గోటితో ఊడదీయబోయాడు. వేలికి పట్టు దొరకలేదు. ఇరవై రెండేళ్ళు పలాస ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కొట్టిన చెయ్యి అది. జీడిసొన కాల్చి కాల్చి వేళ్ళ కొసలు నల్లబడ్డాయి. స్పర్శ పోయింది. కీళ్ళు కొక్కేల్లా వంగి బిగుసుకుపోయాయి. మూడోసారికి బిళ్ళ ఊడి వచ్చింది.

"మల్లీ నా బిళ్ళల మీద పడ్డావా మావా?" వెనకనుంచి భార్య రాజులమ్మ అడిగింది. "నెలకో అట్ట కొంతన్నాను, నా నుదుట ఒక్కటీ నిలవదు. ఏ సిన్నదానికి అతికిత్తన్నావో సెప్పు."

"నా సిన్నది ఈ పెట్టిలో ఉంది," అంటూ హార్మోనియం మూత తెరిచాడు.

నాలుగు తెల్లమెట్ల మీద నాలుగు బిళ్ళలు ఉండాలి: ఎరుపు, పచ్చ, నలుపు, మెరుపుది. నల్లది చెమటకు రాలిపోయింది. దాని చోట కొత్తది అతికించాడు. బొటనవేలు బిళ్ళ మీద ఆనితే చాలు, నడిమి వేలూ చిటికెన వేలూ ఒక్కో మెట్టు విడిచి వాటంతట అవే పడతాయి. మూడు స్వరాలు ఒక్కసారి మోగుతాయి. దాన్ని అతను 'పట్టు' అంటాడు. బిగిసిన ఆ చేతికి వచ్చింది ఒక్క ఆకారమే. దాన్ని నాలుగు చోట్ల దించడమే అతని విద్య. మన్మథరావు భజన బృందం ఏ ఇంట ఏ పాట పాడినా ఆ నాలుగు పట్ల మీదే నడిచేది.

"ఇయ్యాల సుక్కురోరం. డయాలసిస్‌కి ఎల్లవా?"

"మద్దేన్నం రమ్మన్నారు."

"రమ్మన్నారా, నువ్వే అనుకున్నావా?"

అతను పెట్టె మూత దించాడు. రాజులమ్మ అతని పాదాలకేసి చూసింది. చెప్పుల పట్టీలు ఉబ్బులోకి దిగబడి ఉన్నాయి. ఆసుపత్రిలో అతను అసలు అడగనే లేదు. ముందురోజు మన్మథరావు, "రాలేకపోతే సెప్పీ బావా, ఫోన్లో మ్యూజిక్కెట్టుకుని పాడేత్తాను," అన్నాడు. ఒకసారి ఫోనుకు అలవాటు పడితే ఇక తనను పిలవరు. పిలవకపోతే తనది మళ్ళీ జీడి చెయ్యే, హార్మోనియం చెయ్యి కాదు.

"బొండం మాత్రం ముట్టుకోకు," అంది రాజులమ్మ. "డాక్టరు ఏటన్నాడు? కొబ్బరినీళ్ళు నీకు ఇసం, గుండి ఆగిపోద్దన్నాడు."

"కొబ్బరితోటల్లోకి పంపి కొబ్బరినీళ్ళు తాగొద్దంతావు," అని నవ్వి, పెట్టె భుజాన వేసుకున్నాడు.

పెళ్ళివారిల్లు వజ్రపుకొత్తూరు పక్క ఊళ్ళో. ఝాన్సీలక్ష్మిని పెళ్ళికూతుర్ని చేస్తున్నారు. పందిరంతా పసుపు వాసన. మన్మథరావు గొంతెత్తాడు, కామేశ్ డోలక్ అందుకున్నాడు. పెళ్ళికూతురి నాయనమ్మ రత్నాలమ్మ మాత్రం పాట వినడం లేదు. పోలారావు చేతినే చూస్తోంది. అతను కాస్త పక్కకు తిరిగాడు. ఆవిడ పీట జరుపుకుని తనూ అటే తిరిగింది.

"ఆపండి!"

డోలక్ ఆగింది.

"ఎర్ర, పచ్చ, నలుపు, మెరుపు. మొన్న తవిటయ్య సచ్చిపోతే, ఆ పెద్దకార్యంలోనూ ఇదే వరస. నా కళ్ళతో సూసినాను. ఆ పాటకే మాటలు మార్సి నా మనవరాలి నెత్తినెడతన్నారా?"

"అది ఏరు, ఇది ఏరు అమ్మా," అన్నాడు మన్మథరావు.

"పాట ఏరైతే సెయ్యెందుకు ఒకటయింది?"

గాజుల చప్పుడు కూడా ఆగిపోయింది. మన్మథరావు చెయ్యి జేబులోని ఫోను మీదికి పోవడం పోలారావు చూశాడు.

"అమ్మా, ఈ పందిరి రాటలు మొన్న తవిటయ్యగారి వాకిట్లో పాతినవే. సామియానా షాపోడు ఒక్కడే గదా. అంతమాత్రాన ఆ పందిరీ ఈ పందిరీ ఒకటైపోద్దా?"

నేర్పుగా చెప్పాననుకున్నాడు పోలారావు. రత్నాలమ్మ తలెత్తి రాటల్ని ఒక్కొక్కటే పరికించింది. "ఓలమ్మో! అయితే ముందు రాటలు పీకించండి!"

పందిరంతా గొల్లున నవ్వింది. ఆవిడ మాత్రం నవ్వలేదు.

పోలారావు మెడమీద చెమట తుడుచుకున్నాడు. "మొన్నటి పాట ఈ పందిట్లో వాయించను, నోటితో సెప్తాను. అది నలుపుకాడ మొదలయింది. కూలబడ్డ మనిసిలాగ అక్కడే ఉండిపోయింది. గొంతు పైనించి కిందకి దిగింది. ఇది ఎరుపుకాడ లేత్తాది, నలుపుని తొక్కీ తొక్కకుండా దాటేత్తాది, డోలక్ తరుముతాది. మీ ఈదిలో దారి ఒకటే గదమ్మా, అందరూ ఒక్క నడకే నడుత్తారా?"

"మాటలు బాగానే నేర్సినావు."

"అయితే మీ అమ్మ పాడిన పాట ఏదన్నా అందుకోండి. నానెప్పుడూ ఇననిది. కళ్ళు మూసుకోండి, నా సేతిని సూడొద్దు."

ఆవిడ అతన్నీ మన్మథరావునీ మార్చి మార్చి చూసింది. చివరికి ఒక కన్ను మూసింది, తరువాత రెండోది.

"జీడితోపు గట్టు మీద సిలక వాలిందీ
మా సిన్నదాని ముక్కుపుడక సూసి కులికిందీ..."

గొంతు బొంగురుగా మొదలై మెల్లగా తేరుకుంది. పోలారావు బొటనవేలు ఎర్రబిళ్ళ మీద ఆనింది. ఆవిడ ఎక్కడ ఊపిరి తీస్తే అక్కడ పట్టు మార్చాడు. ఆడవాళ్ళు రెండో చరణానికి గొంతు కలిపారు. పసుపు మొహంతో పెళ్ళికూతురు పకపకా నవ్వింది. రత్నాలమ్మ దొంగచాటుగా ఒక కన్ను తెరిచి చూసింది. ఎరుపు, పచ్చ, నలుపు, మెరుపు.

"నా పాటకీ అయ్యేనా?"

"అయ్యేనమ్మా."

"మాయమ్మ ఈ పాట ఏ సావింటా పాడలేదు." ఆవిడ మెట్లకేసి వంగి చూసింది. "సరే, పాటని నమ్మినాను. ఆ నల్లబిళ్ళ మాత్రం పీకెయ్."

పోలారావు పీకేశాడు. బిళ్ళ బొటనవేలి గోటికి అంటుకుంది. దాన్ని అలాగే ఉంచుకుని మిగతా పాటలన్నీ వాయించాడు. మెట్టు మీద బిళ్ళ లేకపోయినా వేలు ఆ చోటికి తప్పకుండా వెళ్ళింది.

భోజనాలకు ముందు రత్నాలమ్మ స్వయంగా బొండం కొట్టించి తెచ్చింది. "తాగు నాయనా."

"వద్దమ్మా, నాను..."

ఆవిడ కళ్ళు మళ్ళీ చిన్నవయ్యాయి. "ఏటి, పెళ్ళింట ఇచ్చింది కాదంతావా? నీ కడుపులో ఏటుంది?"

మన్మథరావు చూస్తున్నాడు. పోలారావు బొండం అందుకుని ఎత్తిపట్టి తాగాడు. రెండేళ్ళ తరువాత ఆ తీపి. ఆవిడ రెండోది కూడా చేతిలో పెట్టింది. అదీ తాగాడు.

"మాగంలో మనవడి పెళ్ళి," అంది ఆవిడ మన్మథరావుతో. "ఫోన్లూ గీన్లూ వొద్దు. ఈ పెట్టి రావాల, ఈ సెయ్యి రావాల."

తిరుగు ఆటోలో పోలారావు పెట్టెను ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఇన్నావా కామేశూ, ఈ సెయ్యి రావాలంట."

"ఇన్నాను మావా. ఆసుపత్రికాడ దింపీమంటావా?"

"ఊ." ఛాతీ మీద చెయ్యి వేసుకుని, "గుండిలో దరువు తప్పుతంది," అన్నాడు.

పలాస రైలు గేటు దగ్గర ఆటో ఆగింది. పోలారావు పెట్టె మీద తల వాల్చాడు. గూడ్సు బండి చాలాసేపు నడిచింది. గేటు లేచాక కామేశ్ భుజం తట్టాడు. ఇంకోసారి తట్టాడు.

పోలారావు పెద్దకార్యానికి బృందం వచ్చింది. మన్మథరావు ఫోను తీయబోతే రాజులమ్మ వద్దంది, వట్టి గొంతులతో పాడించింది. రత్నాలమ్మ కూడా వచ్చింది. రాజులమ్మ చెయ్యి పట్టుకుని, "ఆకర్న నా సేతినీళ్ళే తాగినాడు తల్లీ, రెండు బొండాలు," అని కళ్ళు తుడుచుకుంది. రాజులమ్మ ఆవిడ మొహంలోకి చూసింది. అందులో ఏమీ దాపరికం లేదు. డాక్టరన్న మాట ఆవిడకు చెప్పకుండా పక్కన కూర్చోబెట్టుకుంది.

అంతకుముందు, ఆఖరి స్నానం చేయించిన రోజున, అతని గోటి మీద నల్లబిళ్ళ ఇంకా అలాగే ఉంది. రాజులమ్మ దాన్ని తీసి, పెట్టె మూత తెరిచి, దాని మెట్టు మీద అతికించింది. ఇప్పటికీ మూత తీస్తే నాలుగూ ఉంటాయి: ఎరుపు, పచ్చ, నలుపు, మెరుపు. నల్లది ఒక్కటే కొంచెం పక్కకు ఒరిగి ఉంటుంది.

రాజులమ్మ,
అరవై ఒక్క ఏళ్ళు,
ఇప్పుడు ఉంటున్నది నౌపడలో, చెల్లెలి ఇంట.