టార్చి పట్టుకున్న చెయ్యి

ఆమె పాత కంప్యూటర్ మూత ఊడదీసి బ్రష్షుతో దుమ్ము దులుపుతోంది. లోపలి పవర్ సప్లై డబ్బా మీది చీటీ అరిగిపోయినా, మూడు వందల వాట్లని ఆమెకు కంఠతా వచ్చు. పెళ్లికి ముందు నాలుగేళ్లు రిపేరు షాపులో పనిచేసిన మనిషి. ఆ సంగతి ఇంట్లో అందరూ హాయిగా మరిచిపోయారు, ఆమెతో సహా.

భర్త అట్టపెట్టెతో వచ్చాడు. "ఇదిగో, కొత్త గ్రాఫిక్స్ కార్డు. ఇక నీ బొమ్మలు పరుగో పరుగు!"

ప్రేమగానే తెచ్చాడు, అదే వచ్చిన చిక్కు. వంటకీ వంటకీ మధ్య ఆరు నెలలుగా ఆమె గీసుకున్న ఇళ్ల డిజైన్లన్నీ ఆ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. సోమవారం అవి చూపిస్తే ఉద్యోగం వచ్చేలా ఉంది. కాపీ తీసుకుందామంటే విడి డిస్కు నిండా ఆడపడుచు పెళ్లి వీడియోలు. ఒక్కటి చెరిపినా ఇల్లు పీకి పందిరేస్తారు.

"ఏమండీ, ఈ కార్డుకి ఆ పవర్ సప్లై చాలదు. అది మార్చాక పెడదాం."

"షాపువాడు సరిపోతుందన్నాడు. వాడికి తెలియనిది నీకు తెలుసా?"

పక్కగదిలోంచి అత్తగారు అందుకుంది. "వాడు ముచ్చటపడి తెస్తే అప్పుడే వంకలా?"

ఇంకొక్క మాటంటే గొడవే. ఆ మాటను ఆమె మింగేసింది. కార్డుకి కావలసిన వైరు ఆ డబ్బాకి లేనే లేదు. అతడు రెండు పాత వైర్లకి అడాప్టర్ తగిలించి ముడేశాడు. "చీకటిగా ఉంది, కాస్త టార్చి పట్టుకో." పట్టుకుంది. తెర వెలగగానే "చూశావా?" అన్నాడు. ఆమె డిజైన్ ఒకటి తెరిచిందో లేదో, లోపల టప్‌మని చప్పుడు, ఆ వెనకే కమురు వాసన.

"పాత సామానంటే అంతే," అని అతడు చేతులు దులిపేసుకున్నాడు.

మర్నాడు ఆమె కంప్యూటర్‌లోంచి డిజైన్లున్న మాడిన డిస్కు ఊడదీసుకుని తను పనిచేసిన షాపుకే వెళ్లింది. మీసాలు నెరిసిన యజమాని జరిగిందంతా విని, డిస్కును చాలాసేపు పరీక్షించి తల అడ్డంగా ఊపాడు. "ఏమీ మిగల్లేదమ్మా." ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. పోయిన డిజైన్ల కంటే మింగిన మాటకే ఎక్కువ ఏడ్చింది.

"చాలదని నువ్వైనా చెప్పకపోయావా? ఇక్కడ ఇలాంటివి ఎన్ని చూశావు!"

"ఒక్కసారి చెప్పాను సార్," అంది కళ్లు తుడుచుకుంటూ. "తరవాత టార్చి పట్టుకున్నాను."