రోజుకొక నిమిషం

ఏదైనా ముఖ్యమైన మాట చెప్పాలంటే మా ఆయన ఇలియాస్ నేను సంగటి గెలికే సమయం చూసుకుంటాడు. కావాలని కాదు పాపం, ఆయన నిద్ర లేచేదే అప్పుడు. సంగటి పొయ్యి మీదున్నప్పుడు చెయ్యి ఆపితే ఉండలు కడుతుంది. ఆపకపోతే జవాబు చెప్పడానికి ఊపిరి చాలదు. పెళ్లయిన పదకొండేళ్లలో మా ఇంటి పెద్ద నిర్ణయాలన్నీ ఇలాగే జరిగాయి.

"మీ ఓనరుతో మాట్లాడినా," అన్నాడు ఆ సోమవారం. "మన హిందూపురంలో కొత్త బ్రాంచి తెరుస్తాండారంట. ఒకటో తేదీ నుంచి నీ పని ఈడనే. ఇంగ ధర్మవరం పోయేది లేదు."

మా అత్త జైతున్‌బీ వాకిట్లోంచే వినింది. "అల్లా చల్లగా చూసినాడు. మధ్యాన్నం ఇంటికొచ్చి ఇంత వేడిగా వండిపోవచ్చు. పిల్లోన్ని చదివించొచ్చు. నా మోకాళ్లకు నూనె రాసేదానికన్నా నీకు పొద్దుంటాది."

రోజూ రైల్లో పోయే ఆ మూడు గంటలు నాకింకా మిగలనే లేదు. అప్పుడే పంచుకోవడం అయిపోయింది.

నేను ధర్మవరంలో ఒక పట్టుచీరల అంగట్లో పనిచేస్తాను. చీరలకు ఫోటోలు తీసి, అంచు గురించీ రంగు గురించీ నాలుగు మాటలు రాసి ఆన్‌లైన్‌లో పెడతాను. పోను గంటన్నర, రాను గంటన్నర రైలు. ఆ మూడు గంటల్లో స్క్రీన్‌ప్లే రాస్తాను. మొగుడి మగ్గం పక్కన కూర్చుని ముప్పై ఏళ్లు దారం కండెలకు చుట్టిన ఒకావిడ కథ. ఒక పేజీ రాస్తే తెర మీద ఒక నిమిషం అంటారు. పెనుకొండ చేరేలోపు సగం పేజీ, తిరిగొచ్చేటప్పుడు మిగతా సగం. రోజుకొక నిమిషం. అందులోనూ చాలా కొట్టేశాను. రెండేళ్లకు అరవై ఒక్క నిమిషాలు మిగిలాయి. బెంగళూరులో చిన్న సినిమాలు తీసే నాగజ్యోతి అది చదివి ఫోన్ చేసింది. "మిగతాదానికి ఎంత కాలం పడుతుంది? మీరిస్తే జనవరిలో మొదలుపెడదాం," అంది. కథకు దారి తెలిసిపోయింది కాబట్టి మూడు నెలలు అన్నాను. ఆమెకు చెప్పనిదేమంటే, అవి మూడు రైలు నెలలు. ఇంట్లో అయితే మూడేళ్లకూ కాదు.

ఇంట్లో ప్రయత్నించకపోలేదు. నోటుపుస్తకం తెరిస్తే చాలు, నేను ఖాళీగా ఉన్నానని ఇల్లంతటికీ తెలిసిపోతుంది. సాక్సు దగ్గర్నుంచి సెల్ చార్జరు దాకా అన్నీ అప్పుడే కనబడకుండా పోతాయి. "రెండున్నర గంటల సినిమాకు రెండేండ్లా? నేను కూర్చుంటే వారంలో రాసి పారేస్తా," అన్నాడు ఇలియాస్ ఒకసారి. కూర్చుంటే. అంతా ఆ మాటలోనే ఉంది. ఆయన కూర్చుంటే కూర్చున్నట్టు. నేను కూర్చుంటే ఇక లేవాల్సినట్టు.

ఆ రోజు రైల్లో షఫీ మామ నాకు కిటికీ పక్క సీటు పట్టి పెట్టాడు. మా అమ్మకు తమ్ముడు. పెనుకొండలో మిక్సీలు రిపేరు చేసే అంగడి ఆయనది. ఎవరైనా నా పక్కన ఇరుక్కోబోతే, "జరుగప్పా, ఆ యమ్మ సినిమా రాస్తాంది. కోపమొస్తే నిన్ను రెండో సీన్లోనే చంపేస్తాది," అంటాడు. జనం నవ్వి జరుగుతారు.

హిందూపురం బ్రాంచి సంగతి చెప్పాను.

"మేలే గదమ్మీ. నీకు నడుం నొప్పి గదా," అన్నాడు. ముఖం మామూలుగానే ఉంది. కళ్లలోనే ఏదో దొంగనవ్వు. "రైల్లో కూర్చోని కూర్చోని నువ్వు రోజూ మూలుగుతాండావంట. చూడలేక ఓనరుకు ఫోన్ చేసి బతిమాలినానని ఇలియాసే చెప్పినాడు. నేను రెండేండ్లుగా చూస్తాండా, రైలెక్కినాక నీకు నడుమనేది ఒకటుందని నీకే గుర్తుండదు. ఆ నొప్పిని పొద్దున్నే ఇంట్లో మర్చిపోయి వస్తాండావా ఏంది?"

పెనుకొండలో దిగిపోయాడు. నాకు నవ్వు రాలేదు.

నొప్పి లేదు. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో ఒకరోజు నవ్వుకుంటూ ఇల్లు చేరాను. "ఏం, ఊరు తిరిగొస్తే బలే హుషారుగా ఉండావే," అంది అత్త. తిట్టలేదు, అంతే అంది. మర్నాటి నుంచి గడప దగ్గరే నడుం మీద చెయ్యి వేసుకోవడం నేర్చుకున్నాను. మా ఇంట్లో ఆడమనిషి కష్టపడి ఎంత దూరమైనా పోయి రావచ్చు. ఇష్టపడి పోతే సంజాయిషీ చెప్పాలి. కష్టమని పేరు పెట్టి సంతోషాన్ని దాచుకున్నాను. ఎంత బాగా దాచానంటే, నా మీద జాలితోనే ఆయన దాన్ని తీసేయడానికి పూనుకున్నాడు. కోప్పడదామంటే కోపం కూడా దొరకలేదు.

ఇంకో అబద్ధం వెతికాను. కొత్త బ్రాంచిలో అందరూ మగవాళ్లేనంటే చాలు, ఇలియాసే వద్దంటాడు. కానీ ఆ మాట ఒకసారి ఇంట్లోకి వస్తే మళ్లీ బయటికి పోదు. ధర్మవరంలో మాత్రం మగవాళ్లు లేరా అని రేపు ఆ మాటే నన్ను అడుగుతుంది. నేను దాచుకున్న ప్రతిదానికీ ఇంకో గోడ నేనే కడుతూ పోతున్నానా అనిపించింది. ఆ పొద్దు ఒక్క వాక్యం కూడా రాయలేదు.

అంగట్లోకి పోగానే ఓనరుకు చెప్పాను, నేను ఇక్కడే పనిచేస్తానని.

"అదేందమ్మా, మీ ఆయన అంతగా అడిగె," అన్నాడు.

"పని చేసేది నేను గదన్నా," అన్నాను.

సాయంత్రం ఇల్లు చేరి, చెప్పులు విడిచి, టీ కూడా పెట్టకముందే ఇలియాస్‌కు అదే మాట చెప్పాను.

"నీ నడుం?" అన్నాడు.

"నొప్పి లేదు. ఎప్పుడూ లేదు. రైల్లో నాకు బాగుంటాది. రాసుకుంటా."

అత్త తస్బీ పూసలు తిప్పడం ఆపింది. ఇలియాస్ కేకలేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. ఎన్నడూ వినని చిన్న గొంతుతో అడిగాడు.

"అంటే, ఇంట్లో బాగుండదా?"

ఇలాంటి ప్రశ్నకు నాకు కంఠతా వచ్చిన జవాబు ఉంది. ఛ, అవేం మాటలు అని నవ్వి, టీ పెట్టి చేతికిస్తే అక్కడికి అయిపోతుంది. అది నాలుక దాకా వచ్చింది కూడా. ఆయన దానికోసమే చూస్తున్నాడు. అత్త కూడా చూస్తోంది.

నేను కాదనలేదు.