నాలుగో సంతకం

పిస్తోలు లైసెన్సు కావాలంటే ముందు స్నేహితుల్ని సంపాదించుకోవాలని ఎల్డన్ వ్రూమన్‌కు అరవై ఒకటో ఏట తెలిసింది. ఒకరిద్దరు చాలరు, నలుగురు కావాలి. నలుగురూ ఆ జిల్లా వాళ్ళే అయి ఉండాలి, చుట్టాలు కాకూడదు. ఇతని గుణం మంచిదని నోటరీ ముందు ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. న్యూయార్క్ రాష్ట్ర ప్రభుత్వానికి తన ప్రజల ఒంటరితనం మీద ఇంత బెంగ ఉందని అతను అంతవరకూ ఎరగడు. ఆ పేరుగల మహానగరం అతని కొండకు నాలుగు గంటల దూరం. అక్కడి వాళ్ళ కోసం రాసిన చట్టం మాత్రం మలుపులన్నీ తిరిగి, మంచులో కూరుకుపోకుండా, సరిగ్గా అతని గుమ్మం దాకా వచ్చింది.

కిందటి మే నెలలో తండ్రి బర్డెట్ పోయాడు. ఆయన రివాల్వర్ ఆయన లైసెన్సు మీద ఉండేది. లైసెన్సు ఆయనతోపాటే చచ్చిపోయింది. పదిహేను రోజుల్లో తుపాకిని షెరీఫ్ ఆఫీసులో అప్పగించాలన్నారు. అంత్యక్రియలకు వచ్చిన పూలు వాడకముందే ఎల్డన్ అప్పగించాడు. వాళ్ళు దాన్ని ఒక సంచిలో వేసి, చీటీ కట్టి, ఏడాది ఉంచుతామన్నారు. ఈలోగా లైసెన్సు తెచ్చుకుంటే అతనిది. లేకపోతే మే పద్నాలుగున కొలిమికి.

బర్డెట్ కొడుక్కి మాటలు మిగల్చలేదు. ఇద్దరూ నలభై ఏళ్ళు ఒకే పాకలో ఆవుల పాలు పితికారు, రోజుకు పది మాటలు ఖర్చయితే ఎక్కువ. ఆ రివాల్వర్ చెక్క పిడి మీద మాత్రం ముసలాయన బొటనవేలు అరగదీసిన గుంట ఒకటి ఉంది. ఎల్డన్‌కు కావలసింది ఆ గుంట. ఫారంలో కారణం రాయమన్న చోట అది రాయడానికి చోటు లేదు.

ఆదివారం అక్క మిర్నా ఫోన్ చేసింది. ఆమె పక్క రాష్ట్రం వెర్మాంట్‌లో ఉంటుంది.

"ఏరా, వచ్చిందా నీ ముద్దుల కాగితం?"

"లేదక్కా."

"ఇక్కడ మీ బావ పొద్దున్న పాలకని బజారుకెళ్ళి, మధ్యాహ్నానికి తుపాకి పట్టుకొచ్చాడు. పాలు మర్చిపోయాడు."

"ఊఁ."

"నవ్వరా బాబూ, నీ సొమ్మేం పోదు. ఇదిగో విను. మే పద్నాలుగు దాకా నేను ఆగను. ఒకటో తారీకున వచ్చి, తుపాకుల షాపువాడి ద్వారా నాన్న రివాల్వర్ నా పేరున రాయించుకు పోతాను. దాన్ని తగిలించడానికి టీవీ పైన మీ బావ అప్పుడే మేకు కొట్టేశాడు."

"టీవీ పైనా?"

"పైనే. కింద ఆయన పట్టుకొచ్చిన చేప బొమ్మ ఉంది."

డ్వైట్ బావకు పద్నాలుగు తుపాకులు. ఏది ఎక్కడుందో ఆయనకు తెలియదు. ఒకటి పిండి డబ్బాలో దొరికింది. ఆయన్ని ఎవరూ ఏదీ అడగరు, ఎవరి సంతకమూ అక్కర్లేదు. అంచేత ఆయన ఇంటికి ఎవరూ రారు. ఎల్డన్ ఫోన్ పెట్టేసి, స్వేచ్ఛలో ఇంత చిక్కు ఉందా అనుకున్నాడు.

ఇక్కడ అలా కాదు. వేలిముద్రలిచ్చాడు. వడగళ్ళ దెబ్బ తిన్న గుమ్మడికాయలా వచ్చిన ఫోటో ఇచ్చాడు. పద్దెనిమిది గంటల చదువు చదివాడు. ఒక పళ్ళ డాక్టరుకూ, ఒక జుట్టు కత్తిరించే ఆవిడకూ మధ్య ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, పిస్తోలు ఎక్కడెక్కడికి తీసుకెళ్ళకూడదో విన్నాడు. భూగర్భ రైళ్ళు, నాటకశాలలు, జంతు ప్రదర్శనశాలలు, క్రీడా మైదానాలు. ఆ జాబితాకే ఒక పూట పట్టింది. జాబితాలో ఉన్న ఏ చోటికీ అతను పుట్టాక వెళ్ళి ఉండలేదు. ఇన్ని చూడదగ్గ చోట్లున్నాయని చెప్పినందుకు మాస్టారికి మనసులో దణ్ణం పెట్టుకున్నాడు.

ఇక నలుగురు. తెలిసినవాళ్ళలో సగం మంది శ్మశానంలో ఉన్నారు, సగం మంది ఫ్లోరిడాలో. సంతకానికి రెండూ ఒకటే.

మొదట హోటల్ నడిపే వెర్నా దగ్గరికెళ్ళాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆమె దగ్గర గుడ్లూ, వేపిన బంగాళాదుంపలూ తింటున్నాడు. "మామూలే" అన్నది తప్ప ఇంకో మాట అనలేదు. ఆమె ఫారం అందుకుని, కళ్ళజోడు పెట్టుకుని, "సరే గానీ, నీ పూర్తి పేరేంటి?" అంది.

దాణా కొట్టు రాస్కో హిన్మన్, "నీకు కోపమొస్తుందా?" అని అడిగి, జవాబు కోసం చాలాసేపు చూసి, తనే విసుక్కుని సంతకం పెట్టాడు. చర్చి పాస్టరమ్మ క్వాకెన్‌బుష్, "నువ్వు వచ్చిన నాలుగుసార్లూ ఎవరో ఒకరు పోయారు ఎల్డన్. ఈసారి ఎవరూ పోకుండానే వచ్చావు, నాకదే చాలు" అంది.

ముగ్గురయ్యారు. నాలుగో మనిషి కోసం జిల్లా అంతా మనసులో గాలించాడు. చివరికి కంచె అవతల ఆగాడు.

కంచె అవతల క్లైడ్ టీటర్. పదకొండేళ్ళుగా మాటల్లేవు. ఒక శరత్కాలంలో టీటర్ సంతకు వెళ్ళినప్పుడు అతని పెయ్య కంచె దూకి వ్రూమన్‌ల కాలువలో పడి కాళ్ళు విరగ్గొట్టుకుంది. టీటర్ తిరిగొచ్చేసరికి పెయ్య చచ్చి, గోనెపట్టా కప్పుకుని ఉంది. "నేనే కాల్చాను" అన్నాడు బర్డెట్. అంతే, ఇంకో ముక్క చెప్పలేదు. అది టీటర్ కూతురు జిల్లా పశువుల ప్రదర్శనకి పెంచుకున్న పెయ్య. కాల్చింది నిజానికి ఎవరన్నది వ్రూమన్‌ల ఇంట్లోనే ఉండిపోయింది.

టీటర్ తలుపు తీసి, మనిషిని చూసి, ఫారం చూసి, పండగ వచ్చినట్టు నవ్వాడు.

"రా, కూర్చో. ఎవరు చచ్చారు?"

"ఎవరూ లేరు. సంతకం."

"ఓహో! నా సంతకం! పదకొండేళ్ళు నా ముఖం చూడనివాడి గుణం గురించి నేను ప్రమాణం చెయ్యాలి. ఈ ప్రభుత్వం చల్లగుండాలయ్యా." కాఫీ పోసి ముందుకు తోశాడు. "నాకూ ఉందిలే లైసెన్సు. ముప్ఫై ఏళ్ళయింది. ఈ రాష్ట్రంలో తుపాకి ఉన్నవాడి భోగం ఎవడికీ లేదు. మూడేళ్ళకోసారి ప్రభుత్వం ఉత్తరం రాస్తుంది, బతికున్నావా, అదే ఇంట్లో ఉన్నావా అని. నా పిల్లలు కూడా అడగరు."

"ఊఁ."

"ఇనప్పెట్టెలో పెట్టి తాళమేస్తానా, తాళంచెవి ఎక్కడ పెట్టానో వెతుక్కుంటూ ఇల్లంతా శుభ్రం అయిపోతుంది. రేపు దొంగొచ్చాడనుకో, నాకు తాళంచెవి దొరికేలోగా వాడు కాఫీ తాగి, గిన్నె కూడా కడిగి పోవచ్చు. ఏం, నవ్వు రావట్లేదా? ఇందులో అడిగారు, 'ముభావంగా ఉంటాడా' అని. ఏం రాయను?"

"నీ ఇష్టం."

"నీకు కోపం తెప్పించాలని చూస్తున్నానయ్యా, అదీ అడిగారు. మీ కాఫీ కంటే మా కాఫీ బావుందా?"

"లేదు."

టీటర్ తెగ సంతోషించాడు. సంతకం పెట్టాడు.

మూడు వారాలకు జిల్లా ఆఫీసు గుమస్తా ఫోన్ చేసింది. గొంతు చాలా మర్యాదగా ఉంది. ఆ ఆఫీసులో అంత మర్యాద అంటే భయపడాలి.

"వ్రూమన్ గారూ, మీ నలుగురు సాక్షులకీ మీ గురించి ఏమీ తెలియదండీ."

"తెలుసండీ."

"తాగుతారా అన్న చోట నలుగురూ ఒకటే రాశారు, 'నాకనవసరం' అని. ఇంట్లో గొడవలున్నాయా అంటే, 'నేనడగలేదు'. దిగులుగా ఉంటారా అంటే ఒకావిడ 'ఎవరుండరు' అని రాసింది. జడ్జి గారు తిప్పి పంపేశారు. ఏప్రిల్ పదిహేను లోపల మళ్ళీ రాయించండి. ఈసారి అన్నిటికీ అవునో కాదో ఉండాలి."

ఎల్డన్‌కు తప్పెక్కడుందో అర్థం కాలేదు. ఆ కొండ మీద పొరుగువాడి గురించి ప్రభుత్వానికి కాగితం రాయడమంటే గోడకి చెవి ఆనించి వినడం లాంటిది. నలుగురూ ఎంతో మర్యాదగా, తమ శక్తి కొద్దీ అతని గౌరవం కాపాడారు. అతనికి నలుగురు మంచి స్నేహితులున్నారనడానికి ఇంతకంటే ఏం రుజువు కావాలో జడ్జిగారే చెప్పాలి.

మళ్ళీ తిరిగాడు. ఈసారి చెప్పక తప్పలేదు. తాగుడు లేదని వెర్నాకు చెప్పాడు, గుడ్లు చల్లారిపోయాయి. ఇంట్లో గొడవపడడానికి ఇంకో మనిషి లేడని రాస్కోకు చెప్పాడు. నాన్న పోయాక అప్పుడప్పుడు పాకలోకి వెళ్ళి ఊరికే నిలబడుతుంటానని పాస్టరమ్మకు చెప్పాడు. ఆమె దిగులు ప్రశ్న ఎదురుగా "లేదు" అన్న గడిలో గట్టిగా టిక్కు పెట్టి, ఆదివారం భోజనానికి రమ్మంది.

టీటర్ వంటింట్లో బల్ల మీద ఫారం పరిచి ఉంది. కలం చేతిలోనే ఉంది. ఒక్కో ప్రశ్నా పైకి చదువుతూ, ఎల్డన్‌ను ఎత్తిపొడుస్తూ ఎనిమిది దాకా వచ్చాడు. తొమ్మిదోది చదివి ఆగాడు.

"'ఇతను లైసెన్సు లేకుండా ఎప్పుడైనా పిస్తోలు వాడినట్టు మీకు తెలుసా?'"

ఎల్డన్ కప్పు కింద పెట్టాడు.

"చాలా ఏళ్ళుగా అడగాలని ఉంది," అన్నాడు టీటర్. నవ్వడం మానేశాడు. "మీ నాన్న చెయ్యి అప్పటికే వణికేది. టోపీ పెట్టుకోడానికి మూడుసార్లు ప్రయత్నించేవాడు. నా పెయ్యకి దెబ్బ ఒక్కటే ఉంది, సరిగ్గా ఉండాల్సిన చోట. ఎవరు కాల్చారు?"

'నాన్న' అంటే సరిపోతుంది. నాన్న కూడా అదే చెప్పి పోయాడు. టీటర్ 'లేదు' అని రాస్తాడు, రివాల్వర్ ఇంటికొస్తుంది. వెర్మాంట్‌లో మేకు మేకుగానే ఉండిపోతుంది.

"నేనే," అన్నాడు ఎల్డన్.

"నువ్వా."

"ముందు కాళ్ళు రెండూ పోయాయి. నాన్న రెండుసార్లు గురి చూశాడు, కుదర్లేదు. తప్పితే దానికి నరకం కదా. నా చేతికిచ్చాడు." "నాకు లైసెన్సు లేదు. అందుకని తనే కాల్చానన్నాడు."

"భయపడిందా?"

"లేదు. చెవి వెనక గోకుతూనే ఉన్నాను. ఆ చేతిని నాకుతూ ఉంది."

టీటర్ లేచి కిటికీ దగ్గరికెళ్ళాడు. తిరిగొచ్చి కూర్చున్నాడు.

"ముసలాయన్ని పదకొండేళ్ళు తిట్టుకున్నాను. అంత్యక్రియలకు కూడా రాలేదు. నువ్వు అప్పుడే చెప్పుంటే..."

"నువ్వు అడగలేదు."

"అడగలేదులే. మరి ఇప్పుడు అబద్ధమాడితే ఏం పోయేది నీకు? నాకు తెలియదు గనక 'లేదు' అని రాసేవాణ్ణి. నాకది నిజమే అయ్యేది కూడా."

"అడిగావుగా."

టీటర్ ఫారం వైపు చూశాడు. "ఇప్పుడు నాకు తెలుసు. 'లేదు' అని రాస్తే నోటరీ ముందు అబద్ధం, 'అవును' అని రాస్తే నిన్ను లోపలేస్తారు. నేను సంతకం పెట్టలేను, ఎల్డన్." కాగితం నాలుగు మడతలు పెట్టి పొయ్యిలో వేశాడు. "ఇంకెవరైనా ఉన్నారా?"

"లేరు."

"నిజమే, ఎవరున్నారు నీకు." ఈసారి అది ఎత్తిపొడుపులా వినిపించలేదు. పొయ్యి తలుపు మూసి టీటర్ మళ్ళీ అన్నాడు, "లైసెన్సున్న వాడి పేరున రాసిస్తే ఆ రివాల్వర్‌ని బయటికిస్తారు కదా?"

"ఇస్తారు."

"నాకుంది కదయ్యా."

ఏప్రిల్ చివర్లో ఆ పని జరిగింది. టీటర్ లైసెన్సు కార్డు మీద ఇంకో తుపాకి ఎక్కింది. ఎల్డన్ వారసుడిగా సంతకం పెట్టి తండ్రి రివాల్వర్‌ను పొరుగువాడికి ధారపోశాడు. మిర్నా ఫోన్లో గోల పెట్టింది.

"ఎవడికో ఇచ్చేశావా? సొంత బావని కాదని!"

"కంచె అవతలకే అక్కా."

"నువ్వు మళ్ళీ ముట్టుకోగలవా దాన్ని?"

"లేదు. చట్టం ఒప్పుకోదు."

"మరి ఏం లాభంరా నీకు?"

ఎల్డన్ ఆలోచించాడు. పాస్టరమ్మ ఆదివారం భోజనం పెడుతోంది, రెండోసారి వడ్డించకుండా వదలదు. వెర్నా పూర్తి పేరుతో పిలుస్తోంది, హోటల్లో అందరూ తల తిప్పి చూస్తున్నారు. రాస్కో కొట్టులో నిలబెట్టి నీ మనసెలా ఉందని అడుగుతున్నాడు. ప్రభుత్వం వారి దయవల్ల అరవై ఏళ్ళ ప్రశాంతత మూడు నెలల్లో మట్టిలో కలిసింది. ఇవన్నీ చెప్పాలంటే చాలా మాటలు పడతాయి.

"టీవీ పైన లేదు," అన్నాడు.

మే మొదటి శనివారం మధ్యాహ్నం టీటర్ వంటింటి బల్ల మీద పాత తువ్వాలు పరిచి, దాని మీద రివాల్వర్ పెట్టాడు. తాళంచెవి దొరకడానికి అరగంట పట్టింది. ఎల్డన్ ఎదురుగా కూర్చుని, చేతులు రెండూ కోటు జేబుల్లో పెట్టుకున్నాడు.

"ఏడాది సంచిలో పడుందిగా. గొట్టం దగ్గర తుప్పు పట్టింది," అన్నాడు.

"నాకు కళ్ళు లేవా?" టీటర్ గుడ్డకు నూనె పట్టించి రుద్దసాగాడు.

"అలా కాదు. నాన్న పిడి వైపు నుంచి మొదలెట్టేవాడు. ఒకే వైపుకి."

"ఇంకా ఏమేం చేసేవాడు మీ నాన్న?"

ఎల్డన్ చెప్పడం మొదలుపెట్టాడు. టీటర్ గుడ్డను పిడి మీదికి తెచ్చాడు. అరిగిన గుంట తగిలి అతని బొటనవేలు ఆగింది. దాన్ని నూనెతో నింపకుండా, చుట్టూ జాగ్రత్తగా తుడిచాడు.